కొబ్బరి కింద తిండి అడవి: ముందు గొయ్యి తవ్వి చూడండి

ఇంగ్లండ్‌లో వెన్లాక్ ఎడ్జ్ దగ్గర రాబర్ట్ హార్ట్ పెంచిన చిన్న తోట, డార్టింగ్టన్‌లో మార్టిన్ క్రాఫర్డ్ 1994లో మొదలుపెట్టిన రెండెకరాల తోట. ఈ రెండింటి పుణ్యమా అని తిండి మొక్కలను అడవిలా అంతస్తులుగా పెంచే ‘ఏడంతస్తుల అడవి తోట’ బొమ్మ ఇవాళ కోనసీమ రైతుల ఫోన్లలో కూడా తిరుగుతోంది. పైన ఆపిల్, పియర్, చెస్ట్‌నట్. వాటి కింద హేజెల్ గింజ చెట్లు. ఆ కింద కరెంట్ అనే చిన్న పండ్ల పొదలు, గూస్‌బెర్రీ పొదలు. నేల మీద అడవి వెల్లుల్లి, పుదీనా. మట్టిలో దుంపలు, చెట్లకు తీగలు. హార్ట్‌కి ఈ ఆలోచన ఇచ్చినవాటిలో కేరళ ఇంటి పెరళ్ళు కూడా ఉన్నాయి. అంటే మన దక్షిణాది సరుకే చలిదేశం చుట్టి మళ్ళీ మన దగ్గరికి వచ్చింది. వచ్చేటప్పుడు మాత్రం అక్కడి లెక్కలు వెంటేసుకుని వచ్చింది.

ఆ లెక్కల్లో మొదటిది వెలుతురు. డార్టింగ్టన్ ఉండే డెవన్ ప్రాంతం ఉన్నది 50 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. డిసెంబరు మూడో వారంలో మధ్యాహ్నం పన్నెండింటికి కూడా సూర్యుడు అక్కడ 16 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అందుకే వాళ్ళు పెద్ద చెట్లను ఉత్తరం వైపుకు నెట్టి, చెట్టుకీ చెట్టుకీ మధ్య ఖాళీ వదిలి, ప్రతి కిరణాన్నీ పొదుపుగా వాడతారు. చెట్లు చలికాలంలో ఆకు రాల్చేస్తాయి కాబట్టి, అవి మళ్ళీ చిగురించేలోపు కింద అడవి వెల్లుల్లి తన పని చక్కబెట్టుకుంటుంది. మన గోదావరి డెల్టా 16న్నర డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ‘పెద్ద చెట్లు ఉత్తరాన’ అనే సూత్రానికి ఇక్కడ పెద్దగా పనిలేదు. కొబ్బరి ఆకు రాల్చదు కాబట్టి వసంతంలో దొరికే ఆ వెలుతురు సందు కూడా మనకు లేదు.

ఇక్కడ కరువు వేరు. జూన్ నుంచి నవంబరు దాకా వేళ్ళకు గాలి కరువు, ఏప్రిల్ నడిమి నుంచి జూన్ దాకా కాలవలు కట్టేసినప్పుడు నీళ్ళ కరువు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఈ నేలకు పంట కాలవ వచ్చింది, దాంతో పాటే మురుగు బెడదా వచ్చింది. కాబట్టి గోదావరి డెల్టాలో అడవి తోట నమూనా పై చెట్ల గొడుగు నుంచి కిందికి గీస్తే తప్పుతుంది. నీటి మట్టం నుంచి పైకి గీయాలి. కింద చెప్పేదంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది.

గొయ్యి

ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో, రెండు రోజులు వాన తెరిపిచ్చాక, తోటలో మూడు చోట్ల నాలుగడుగుల లోతు గోతులు తీయండి. ఒకటి మెరకలో, ఒకటి పల్లంలో, ఒకటి మధ్యలో. మర్నాటిదాకా వదిలేసి నీళ్ళు ఎక్కడ నిలిచాయో పుల్లతో కొలవండి. నాలుగడుగుల్లోనూ నీరు కనబడకపోతే ఏ మొక్క పెట్టినా బతుకుతుంది. రెండు నుంచి నాలుగడుగుల మధ్య ఉంటే బోదె (మురుగు తీసే చిన్న కాలవ) తవ్వి, దిబ్బ ఎత్తి పెట్టాలి. రెండడుగుల లోపే నీళ్ళు తేలితే కోకో, మిరియం, నిమ్మ, పంపరపనస, మునగ లాంటివాటి మీద ఆశ వదులుకోవాలి. అక్కడ కొబ్బరి, చేమ, తూటికూర, పొన్నగంటి కూర చాలు. ఆ మడిలో డబ్బు పోసి మొక్కలు నాటడం కన్నా పక్క మెరకలో రెండింతలు నాటడం మేలు.

వానాకాలం దాటిపోయిందా? మట్టి రంగు చూసి చెప్పేయవచ్చు. గోతి గోడ పైనుంచి కిందికి ఒకే గోధుమ రంగులో ఉంటే గాలి ఆడుతోందని అర్థం. ఏ లోతు నుంచి మట్టి బూడిద రంగుకు తిరిగి, అందులో తుప్పు మచ్చలు కనిపిస్తాయో, ఆ లోతు దాకా ఏటా నీరు వచ్చి నిలుస్తోందన్నమాట. మండు వేసవిలో తవ్వినా ఈ ఆనవాలు చెరగదు.

ఊరు మారితే లెక్క మారుతుంది. రావులపాలెం, కొత్తపేట వైపు ఒండ్రు నేలల్లో మురుగు త్వరగా దిగిపోతుంది. అమలాపురం చుట్టుపక్కల బరువు నేలల్లో దిగదు. సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం తీరం వైపు ఇసక నేలలో మురుగు సమస్య తక్కువే గానీ ఉప్పు సమస్య ఉంది. భూసార పరీక్షలో లవణ సూచిక (ఈసీ) 4 దాటితే కోకో, కంద, అల్లం వద్దు. కొబ్బరి, సపోటా తట్టుకుంటాయి. పక్కనే రొయ్యల చెరువు ఉంటే నిరుటి రిపోర్టు నమ్మకుండా ఈ ఏడాది మళ్ళీ పరీక్ష చేయించాలి. ఊట ద్వారా ఉప్పు ఎక్కేది మెల్లగానే, కానీ కోకో ఆకు అంచు మాడడం మొదలయ్యేసరికి ఆలస్యమైపోతుంది.

బోదె, దిబ్బ

మన పాత తోటల్లో కొబ్బరి ఎక్కువగా 25 అడుగుల ఎడంలో ఉంటుంది, ఎకరాకు సుమారు 70 చెట్లు. ప్రతి సందులోనూ బోదె తవ్వడం దండగ. ఒక సందు విడిచి ఒక సందులో తవ్వండి. అప్పుడు రెండు కొబ్బరి వరసలూ వాటి మధ్య సందూ కలిసి ఒక దిబ్బ అవుతాయి. బోదె సందుకు సరిగ్గా నడిమధ్యన రావాలి: పైన నాలుగడుగుల వెడల్పు, అడుగున రెండడుగులు, లోతు మూడడుగులు. అలా తవ్వితే బోదె అంచుకీ చెట్టు మొదలుకీ మధ్య పదడుగులు పైనే ఉంటుంది. కొబ్బరికి తిండి తెచ్చే వేళ్ళు ఎక్కువగా మొదలు నుంచి ఆరేడు అడుగుల లోపే ఉంటాయి కాబట్టి అవి తెగవు.

తవ్విన మట్టి ఎక్కడ వేయాలన్నదే అసలు సంగతి. దిబ్బంతా పరిస్తే రెండంగుళాలు పైకి లేస్తుంది, ఎందుకూ పనికిరాదు. అదే మట్టిని దిబ్బ నడుమ సందులో 16 అడుగుల పట్టీ మీదకు మోయిస్తే ఏడంగుళాల దాకా లేస్తుంది. వానాకాలంలో ఆ ఏడంగుళాలే కోకో మొక్కను కాపాడతాయి. కూలీలు మామూలుగా బోదె ఒడ్డునే గుట్ట పోస్తారు, లేదంటే దగ్గరని కొబ్బరి మొదట్లో వేసేస్తారు. రెండూ చేయనివ్వకండి. ఒడ్డున పోసింది మొదటి వానకే బోదెలోకి జారిపోతుంది. మొదట్లో పోసిన తడి మట్టి మొదలు కుళ్ళుకు దారి చేస్తుంది. మోత కూలి ఎక్కువవుతుందని బేరం వస్తుంది, ఒప్పుకోండి.

బోదెకు వంద అడుగులకు రెండు మూడు అంగుళాల వాలు చాలు. దాన్ని మురుగు కాలవలో కలిపే ముందు ఆగస్టులో ఆ కాలవ నీరు ఎంత ఎత్తున నిలుస్తుందో గట్టు మీద గీత పెట్టి చూసుకోవాలి. గోదారి పోటు మీద ఉన్నప్పుడు మురుగు కాలవలు వెనక్కి తంతాయి, అప్పుడు మీ బోదెలే తోటలోకి నీళ్ళు తెచ్చిపెడతాయి. కలిసే చోట గొట్టం వేసి దానికి మూత పెట్టుకుంటే ఆ నాలుగు రోజులూ మూసేయవచ్చు. ఈ తవ్వకం పనంతా సంక్రాంతి తర్వాత, నేల మెత్తగా ఉండగానే ముగించాలి. ఏప్రిల్ వస్తే బరువు నేల గునపానికి లొంగదు.

ఇప్పుడు ఏ మొక్క ఎక్కడన్నది దానంతట అదే తేలుతుంది. బోదె అడుగు తడిలో తూటికూర, పొన్నగంటి. బోదె వాలులో చేమ. ఒడ్డు కరగకుండా వట్టివేరు, దాని పైన అంచు వెంబడి అనాస. కొబ్బరి చుట్టూ ఆరడుగులు ఏమీ వద్దు. ఎత్తు చేసిన పట్టీ మీద కోకో, అరటి, కంద, పసుపు, అల్లం. కంచె వెంట గ్లైరిసిడియా (ఆకు ఎరువు చెట్టు), వాక్కాయ, వాటిమీదకు దొండ, తీగ బచ్చలి, పెండలం. పనసను తోట మధ్యలో పెట్టొద్దు, మెరక గట్టున ఒక మూల చాలు. గోదారి వంటింట్లో కంద బచ్చలి కూర ఎప్పటినుంచో ఉన్నదే. నేల కింది దుంప, కంచె మీది తీగ ఒకే గిన్నెలో పడతాయి. అంతస్తుల సేద్యం మనకు కొత్తేమీ కాదు, కొబ్బరితోటలో ట్రాక్టరు తిరగడం మొదలయ్యాక మర్చిపోయామంతే.

కొబ్బరి వయసు

కొబ్బరి నాటిన మొదటి ఏడెనిమిదేళ్ళు వెలుతురు దండిగా ఉంటుంది. ఎనిమిది నుంచి ఇరవై, ఇరవై ఐదేళ్ళ దాకా మట్టలు కిందికే ఉండి నేల చీకటవుతుంది. ఆ తర్వాత కాండం పైకి పోయే కొద్దీ మళ్ళీ ఎండ దిగుతుంది. అడవి తోట మొదలుపెట్టడానికి పాతికేళ్ళు దాటిన తోట మంచిది. పదిహేనేళ్ళ తోటలో కోకో పెడితే అది వెలుతురు వెతుక్కుంటూ సన్నగా సాగుతుంది, కాయదు.

అనుమానం ఉంటే తెల్ల పంచె ఒకటి తీసుకుని, మబ్బులేని రోజు మిట్టమధ్యాహ్నం సందులో పరవండి. ఎండ మచ్చలు సగం మేర పడితే కోకో, అరటి రెండూ వస్తాయి. పావు వంతే పడితే పసుపు, అల్లం, అనాసతో సరిపెట్టుకోవాలి. అంతకన్నా తక్కువైతే కొన్నేళ్ళు ఆగడమే. వెలుతురు కోసం కొబ్బరి పచ్చి మట్టలు నరికేవాళ్ళున్నారు. అది తప్పు. మట్ట పోతే గెల పోతుంది. పైగా ఆ గాయం వాసనకు ఎర్ర ముక్కు పురుగు దిగుతుంది. తప్పనిసరై కోయాల్సి వస్తే మొదలు నుంచి నాలుగడుగుల మట్ట వదిలి కోయాలి.

కోకో

ఎత్తు చేసిన పట్టీలో రెండు వరసలు, వరసల మధ్య తొమ్మిదడుగులు, మొక్కకీ మొక్కకీ పదడుగులు. ఇలా ఎకరాకు 170 మొక్కల దాకా పడతాయి. గొయ్యి అడుగున్నర చాలు. కడియం నర్సరీల్లో మొక్క కొనేటప్పుడు సంచి అడుగున వేరు చుట్టుకుపోయి ఉందేమో, ఆకు వెనక తెల్లదోమ వలయాలు ఉన్నాయేమో తిప్పి చూసుకోండి. మొదటి రెండు మూడేళ్ళు కోకోకి అరటి గొడుగు కావాలి. అరటి సూది పిలకలను కోకోకి నాలుగు నెలల ముందే నాటితే వేసవికి నీడ సిద్ధంగా ఉంటుంది. అమృతపాణి రకానికి పనామా తెగులు బెడద ఉంది. ఆ తెగులున్న ఊళ్ళో కర్పూర చక్కెరకేళి వేయండి.

కోకో కత్తిరింపు చాలామందికి కొరుకుడు పడదు. గింజ మొక్క ముందు ఒకే కాడగా నిటారుగా పెరుగుతుంది. నాలుగైదు అడుగుల దగ్గర ఆగి, ఒకే చోటి నుంచి మూడు నుంచి ఐదు కొమ్మలు విసనకర్రలా పక్కకు తీస్తుంది. అదే దాని మొదటి అంతస్తు. దాని కింది నుంచి మళ్ళీ ఒక నిటారు కొమ్మ లేస్తుంది. అది వదిలేస్తే ఇంకో నాలుగడుగులు పోయి రెండో అంతస్తు వేస్తుంది. మనకు రెండో అంతస్తు వద్దు. కాయ చేతికందదు, తుఫానుకి విరుగుతుంది. నిటారు కొమ్మ గోటితో గిల్లగలిగినంత లేతగా ఉన్నప్పుడే నెలకోసారి తీసేయాలి. ముదిరాక నరికితే బెరడు చీలుతుంది. కోకో పూత వచ్చేది కొత్త కొమ్మల చివర కాదు, ముదురు కాండం మీద, పాత కొమ్మల మీద. ఏటా అదే బుడిపె మీద పూస్తుంది. బెరడు గాయపడితే ఆ చోట కాపు పోయినట్టే. కాయను మెలిపెట్టి లాగకూడదు, పదునైన కత్తితో తొడిమ దగ్గర కోయాలన్నది కూడా ఇందుకే.

పూలకు తేనెటీగలు పెద్దగా పనికిరావు. కుళ్ళే ఆకుల్లో, అరటి బోదెల (కాండాల) ముక్కల్లో పెరిగే సన్నటి దోమ లాంటి ఈగలు కోకో పూలను ఫలదీకరిస్తాయి. తోట శుభ్రంగా ఊడ్చి, రాలినాకు తగలబెట్టే అలవాటున్న చోట కోకో పూస్తుంది గానీ కాయ నిలవదు. గెల కోసేశాక అరటి బోదెను జానెడు ముక్కలుగా నరికి కోకో చుట్టూ చల్లండి. ముక్కలు చేయకుండా నిలువునా పడేస్తే అందులో అరటి ముక్కు పురుగు చేరుతుంది.

వానాకాలంలో కాయ మీద గోధుమ మచ్చ మొదలై, నాలుగైదు రోజుల్లో కాయంతా నల్లబడిపోతుంది. నల్లబడ్డ కాయలను వెంటనే కోసి తోట బయట పాతిపెట్టాలి. జూన్ మొదటి వానలకు ముందూ, ఆపై వానల మధ్య తెరిపిలోనూ 1 శాతం బోర్డో మిశ్రమం కొట్టాలి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. రెండూ విడివిడిగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కరిగించి, తుత్తం నీటిని సున్నం నీటిలో పోయాలి, తిరగేసి కాదు. సానబెట్టిన ఇనప కత్తిని నిమిషం ముంచి తీయండి. కత్తి మీద ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదు, ఇంకాస్త కలపాలి. ఆ పరీక్ష చేయకుండా కొడితే ఆకు మాడుతుంది. కలిపింది ఆ రోజే అయిపోవాలి.

కంద

మనవాళ్ళకు బాగా తెలిసిన గజేంద్ర రకం కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిందే. నాటేది మే, జూన్ నెలల్లో. పెద్ద కందను నిలువుగా కోయాలి, ప్రతి ముక్కకీ నడినెత్తి మొగ్గలో కొంత భాగం దక్కేలా. మొగ్గ లేని ముక్క ఆలస్యంగా మొలుస్తుంది, ఎగుడుదిగుడుగా మొలుస్తుంది. ముక్క అర కిలో నుంచి ముప్పావు కిలో ఉండాలి. చిక్కటి పేడనీళ్ళలో విత్తనం కిలోకి 5 గ్రాముల ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం) కలిపి, అందులో ముంచి, ఒక రోజు నీడలో ఆరబెట్టాలి. కోసిన వైపు తడి ఆరకుండా నాటితే మొదలు కుళ్ళు ఖాయం. మూడడుగుల ఎడంలో రెండడుగుల గోతులు తీసి, పశువుల ఎరువు, మట్టి కలిపి నింపి, మొగ్గ పైకి వచ్చేలా పెట్టి, కొబ్బరాకు కప్పేయండి. కొబ్బరి సందుల్లో బయట చేలో వచ్చినంత దుంప ఊరదు. ఆకు పండి వాలిపోయే దాకా, అంటే ఎనిమిది తొమ్మిది నెలలు ఆగాలి.

కందను ప్రతి ఏడూ ఒకే పట్టీలో వేయకుండా పసుపుతో, చేమతో మార్చండి. మొదలు కుళ్ళు శిలీంధ్రం మట్టిలోనే కాపు కాసి ఉంటుంది.

మిరియం గురించి ఒక్క మాట. నీడలో కరిముండ రకం నయం, పన్నియూర్-1 ఎక్కువ వెలుతురు కోరుతుంది. మిరియపు తీగ ఏదైనా కొబ్బరికి ఎక్కించొద్దు, దింపు (కాయ కోత) కూలీలు ఆ చెట్టు ఎక్కరు. గ్లైరిసిడియా కర్రలకు పాకించండి. నీరు నిలిచే చోట మొదలు కుళ్ళి వారంలో తీగంతా వాలిపోతుంది, మందుతో వెనక్కి రాదు.

ఏవి చెడతాయి

చలిదేశపు పద్ధతిలో పడిపోయిన దుంగలను తోటలోనే కుళ్ళనివ్వమంటారు. అక్కడ అది నిజంగా మంచి పనే. ఇక్కడ కుళ్ళిన కొబ్బరి మొద్దు, కదపని పేడకుప్ప కొమ్ము పురుగుకు పురిటిల్లు. అందులో పెరిగిన పెంకు పురుగు నేరుగా మీ కొబ్బరి మొవ్వులోకి ఎక్కుతుంది. విచ్చుకున్న ఆకు కత్తెరతో కత్తిరించినట్టు త్రికోణాలుగా కనిపిస్తుంది. కాబట్టి ఆకులు, కమ్మలు, అరటి ముక్కలు ఎంతైనా కుళ్ళనివ్వండి, కొబ్బరి మొద్దు మాత్రం తోటలో ఉండకూడదు. తుఫాను తర్వాత ఇది మరీ ముఖ్యం. 1996 నవంబరు తుఫానులో లాగా చెట్లు మూకుమ్మడిగా పడితే రెండు నెలల్లోపు మొద్దులు తరలించాలి, లేదా చీల్చి ఎండబెట్టాలి. పేడకుప్పలో మెటారైజియం శిలీంధ్రం కలిపితే గొంగళ్ళు చస్తాయి. మొవ్వు దగ్గర ఆకు మొదళ్ళలో పావుకిలో వేపపిండి, అంతే ఇసక కలిపి వేస్తే పెద్ద పురుగు దూరంగా ఉంటుంది.

కొబ్బరి మొదట్లో ఎర్రటి బంక కారుతుంటే అది గానోడెర్మా అనే శిలీంధ్రం తెగులు. వేరు నుంచి వేరుకు పాకుతుంది. రొటోవేటరు తిప్పితే వేళ్ళు తెగి, తెగిన చోటల్లా దానికి తలుపు తీసినట్టే. తోట దున్నకుండా ఉంచడం వల్ల అడవి తోటకున్న అసలు లాభం ఇదే అంటాను. తెగులు చెట్టుకు ఏటా 5 కిలోల వేపపిండి, 50 గ్రాముల ట్రైకోడెర్మా వేయండి, చుట్టూ కందకం తీసి పక్క చెట్టు వేళ్ళతో సంబంధం తెంపండి, అంతర పంటగా అరటి వేయండి. చచ్చిన చెట్టును దుంపతో సహా పీకేయాలి.

తెల్లదోమ సంగతి వేరు. 2016లో దేశంలోకి వచ్చిన వలయాకార తెల్లదోమ కొబ్బరి ఆకు వెనక చేరుతుంది, దాని జిగురు కింద పడి అరటి, జామ, కోకో ఆకుల మీద నల్లటి మసి పడుతుంది. మసి చూసి కంగారుపడి పురుగుమందు కొట్టడమే పెద్ద నష్టం. ఆ దోమను లోపల్నుంచి తినే ఎన్కార్సియా అనే చిన్న కందిరీగ చస్తుంది, కింద కోకో పూల మీద వాలే ఈగలూ చస్తాయి. కింది అంతస్తు ఆకుల మీద మసికి 1 శాతం గంజి కొట్టండి, ఎండకు పొరలా ఊడిపోతుంది. దోమకు అంబాజీపేట పరిశోధన స్థానం వారు చెప్పే ఇసేరియా శిలీంధ్రం వాడండి.

బొమ్మల్లో ఎవరూ చూపించని చిక్కు దింపు. ముప్ఫై అడుగుల పైనుంచి గెల పడితే కింద కోకో కొమ్మ ఫట్టుమంటుంది. మట్ట పడితే కంద కాడ విరుగుతుంది. కొబ్బరి చుట్టూ ఆరడుగులు ఖాళీ ఉంచమన్నది వేళ్ళ కోసమే కాదు, కాయ పడడానికి. పట్టీ పొడవునా ప్రతి ఐదారు చెట్లకు ఒకచోట నాలుగడుగుల అడ్డ దారి వదలండి. కాయలేరే మనిషి నెత్తిన బుట్టతో తిరగలేకపోతే రెండో దింపుకు ఆ కూలీ మీ తోటకు రాడు. ఎలుకలు, ఉడతలు కూడా ఉన్నాయి. వాటికి ఉన్న మంచి మందు పండిన కోకో కాయను చెట్టున వారం పైన ఉంచకపోవడం.

ఎరువు, వేసవి, వరద

కొబ్బరి చెట్టు ఏడాదికి దాదాపు 12 కమ్మలు రాలుస్తుంది. ఎకరాకు 840. పొయ్యిలోకి పోకుండా మూడేసి ముక్కలు చేసి పట్టీ మీద పరిస్తే అదే కప్పు, అదే ఎరువు. అయితే దీన్ని నమ్ముకుని కొబ్బరి ఎరువు మానేయకూడదు. చెట్టుకు ఏడాదికి 500 గ్రాముల నత్రజని, 320 గ్రాముల భాస్వరం, 1200 గ్రాముల పొటాష్ అన్న సిఫారసు కొబ్బరి ఒక్కదానిదే. కోకోకీ కందకీ వాటి వాటా వేరుగా వేయాలి. ‘అంతర పంట వేస్తే కొబ్బరి కాపు తగ్గింది’ అనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఈ లోటే, పొటాష్ లోటు మరీను. కంచె గ్లైరిసిడియాను ఏడాదికి మూడుసార్లు కొట్టి ఆకు వేయండి. ఇసక నేలల్లో కొబ్బరి డొక్కలను గుంట వైపు పైకి వచ్చేలా కందకంలో పేరిస్తే తడి పట్టి ఉంచుతాయి. బరువు నేలలో ఆ పని చేయొద్దు, వానాకాలంలో మరీ నానిపోతుంది.

కాలవ కట్టేశాక లేత కోకోకి ఆరేడు వారాలు నీళ్ళు ఎక్కడివో నాటకముందే తేల్చుకోవాలి. మెరక ఊళ్ళలో ఫిల్టర్ పాయింట్ (తక్కువ లోతు గొట్టపు బావి) ఉంటే సరి. తీరం దగ్గర అదే పాయింట్ మే నెలలో ఉప్పెక్కుతుంది. వారానికోసారి మోటారు నీళ్ళు నోట్లో వేసుకుని చూడడం చిన్న పనే.

గోదారి నడుమ లంకల్లో ఇదంతా వర్తించదు. ధవళేశ్వరం దగ్గర నీరు 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షలకు పైగా వచ్చాయి. అలాంటి ఏడు లంకలో కోకో, కంద, మిరియం అన్నీ నీళ్ళ కిందే. లంకలో అరటి, వరద తగ్గాక కూరగాయలు. బహువార్షికాలకు గట్టు లోపలి నేలే.

మొదటి ఏడాది మొత్తం తోటకు పూనుకోకుండా ఒక దిబ్బ, అంటే రెండు కొబ్బరి వరసల మేర తీసుకోండి. సంక్రాంతి తర్వాత బోదె. ఫిబ్రవరిలో నీటి వసతి ఉన్నచోట అరటి పిలకలు, కంచె వెంట గ్లైరిసిడియా కర్రలు. మృగశిర కార్తెలో తొలకరికి పట్టీ ఖాళీల్లో జీలుగ చల్లి, నలభై రోజులకు కోసి అక్కడే పరచండి. కంద, పసుపు ముక్కలు అప్పటికే పడి ఉండాలి. కోకో మొక్కలు జూలైలో, వానలు కుదురుకున్నాక. అక్టోబరు రాకముందే అరటికి సరుగుడు ఊతకర్రలు పెట్టి, బోదెల్లో పడ్డ మట్టి ఒకసారి ఎత్తించండి. ఆ పూడిక మట్టి కూడా మళ్ళీ పట్టీ మీదకే.